ఉప్పెక్కిన పాలు

పాడి ఉన్న ఇంట్లో పొదుగువాపు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పొదుగు ఒక పక్క ఎర్రబడి కాలిపోతుంటుంది. చెయ్యి తగిలితే గేదె కాలు విసురుతుంది. పాలలో పెచ్చులు పెచ్చులుగా వస్తాయి. అది కంటికి కనిపించే జబ్బు, వెంటనే పశువుల డాక్టరుకి కబురు వెళుతుంది. రైతును నిజంగా ముంచేది రెండో రకం. పొదుగు మామూలుగానే ఉంటుంది, గేదె మేస్తుంది, నెమరు వేస్తుంది, పాలు తెల్లగానే ఉంటాయి. కానీ పూటకు అర లీటరో లీటరో తగ్గిపోతాయి. నాలుక మీద చుక్క వేసుకుంటే కాస్త ఉప్పగా తగులుతుంది.

ఈ దొంగవాపును పట్టుకోవడానికి 1957లో కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్‌లాండర్ అనే ఇద్దరు ఒక చవక పరీక్షను తయారుచేశారు. నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ తెడ్డు ఒకటి, ఒక సీసాలో డిటర్జెంట్ ద్రావణం, అంతే సరంజామా. ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కాసిని పాలు పిండి, అంతే ద్రావణం పోసి, తెడ్డును గుండ్రంగా ఆడిస్తారు. బాగున్న చన్ను పాలు నీళ్లలాగే తిరుగుతాయి. లోపల వాపున్న చన్ను పాలు జిగురుగా సాగి గుంట మధ్యలో కుప్పబడతాయి. వాపు ఉన్నచోటికి తెల్ల రక్తకణాలు దండెత్తి వస్తాయి కదా, డిటర్జెంట్ వాటి పొరలను చీలిస్తే లోపలి డీఎన్ఏ బయటపడి పాలను జిగురు చేస్తుంది. ఇందులో గమనించాల్సింది ఇంకొకటుంది. ఒక గుంట జిగురెక్కినా మిగతా మూడు మామూలుగా ఉండొచ్చు. ఒకే జంతువు, ఒకే రక్తం, ఒకే మేత. అయినా ఏ చన్ను సంగతి దానిదే.

ఆడవాళ్ల రొమ్ముకీ ఇదే వర్తిస్తుందని శాస్త్రం పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. పాల వ్యాపారంలో లీటరు తగ్గితే డబ్బు తగ్గుతుంది కాబట్టి పశువుల పాలను చుక్కచుక్కా కొలిచారు. బాలింత పాలను కొలిచేవాళ్లెవరు? ఆమెకు జ్వరమొచ్చి, రొమ్ము ఎర్రబడి, చీముపడితే తప్ప అది వైద్యుడి దాకా వెళ్లే విషయం కాదు. నొప్పి లేని వాపు ఒకటుంటుందనీ, దానివల్ల పాలు మారతాయనీ, ఆ మార్పు బిడ్డ తూకంలో కనిపించవచ్చనీ గట్టిగా పరిశోధించడం మొదలై ముప్పై ఏళ్లకు మించలేదు.

అసలు పాలలో ఉప్పు ఎందుకు తక్కువగా ఉంటుందో ముందు చూడాలి. తల్లి రక్తంలోని నీటిభాగంలో, అంటే ప్లాస్మాలో, లీటరుకు దాదాపు 140 మిల్లీమోళ్ల సోడియం ఉంటుంది. పొటాషియం నాలుగు మాత్రమే. కుదురుకున్న తల్లిపాలలో లెక్క తిరగబడుతుంది: సోడియం అయిదు నుంచి ఎనిమిది, పొటాషియం పన్నెండు నుంచి పదిహేను. పాలు తయారయ్యేది రొమ్ములోని సన్నని బుడగల్లో. ఆ బుడగ గోడ ఒకే ఒక్క వరుస కణాలు. ఆ కణాల ఒక వైపు రక్తం, రెండో వైపు పాలు. రక్తంలోది పాలలోకి రావాలంటే కణం లోపలి నుంచే, కణం అనుమతితోనే రావాలి. ఎందుకంటే కణానికీ కణానికీ మధ్య సందు మూసుకుని ఉంటుంది. కుండలు ఒకదానికొకటి ఆనించి పేర్చి, సందులన్నీ బంకమట్టితో మెత్తినట్టు ఉంటుందా అతుకు. బిగి సంధులంటారు వాటిని.

ఈ సంధులు పుట్టుకతోనే బిగిసి ఉండవు. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ పక్కనున్న బాబ్రహామ్‌లో లిన్‌జెల్, పీకర్ అనే శాస్త్రవేత్తలు 1970లలో మేకల మీద పని చేస్తూ ఈ సంగతి తేల్చారు. మేక ఈనేముందు ఆ గోడ వదులుగా ఉంటుంది, రక్తంలోని ఉప్పు పొదుగులోకి కారుతుంది. ఈనే సమయానికి గోడ బిగుసుకుంటుంది. మనిషిలో ఇది కాన్పు తరవాత రెండు నుంచి నాలుగు రోజుల్లో జరుగుతుంది. మాయ బయటపడగానే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోతుంది, సంధులు బిగుస్తాయి, పాలు ఒక్కసారిగా పడతాయి. అందుకే మొదటి రోజు ముర్రుపాలలో ఉప్పు ఎక్కువ, తీపి తక్కువ. అది లోపం కాదు, ఆ రోజుకు అదే సరైన పాలు. మూడో నాలుగో రోజు దాటినా ఉప్పు దిగకపోతే మాత్రం పాలు పడటంలో ఏదో ఆలస్యమవుతోందని అర్థం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మామూలు పాలలో సోడియం 6, పొటాషియం 13 అనుకుందాం. సోడియాన్ని పొటాషియంతో భాగిస్తే సుమారు 0.46 వస్తుంది. వాపు వల్ల బుడగ గోడల్లో సందులు విడి, చివరికి వచ్చే ప్రతి వంద మిల్లీలీటర్ల పాలలో అయిదు మిల్లీలీటర్లు ప్లాస్మాయే అనుకోండి. సోడియం 12.7 అవుతుంది, పొటాషియం 12.5 దగ్గరే ఉంటుంది. నిష్పత్తి ఒక్కసారిగా ఒకటి దాటింది! పది మిల్లీలీటర్లు కలిస్తే ఒకటిన్నర దాటుతుంది. పాలు చూడటానికి అంతే తెలుపు, తల్లికి నొప్పి లేదు, కానీ ఈ ఒక్క సంఖ్య మాత్రం అరిచి చెబుతుంది. పరిశోధకులు సాధారణంగా 0.6 దాటితే పైకి కనిపించని వాపు అనీ, 1 దాటితే అది గట్టిగానే ఉందనీ లెక్కిస్తారు. పశువుల పాలలో విద్యుత్తు ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో కొలిచే యంత్రాలు పట్టుకునేదీ ఇదే ఉప్పును.

ఉప్పు పెరిగితే పెరిగింది, బిడ్డకేం నష్టం అనిపించవచ్చు. నిజానికి నష్టం ఉప్పులో కన్నా తీపిలో ఉంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర వంద మిల్లీలీటర్లకు ఏడు గ్రాముల దాకా ఉంటుంది. దాన్ని తయారుచేసేది పాలకణమే. లాక్టోజ్ తయారై బుడగలోకి వెళ్లిన చోటికల్లా నీళ్లను వెంట లాక్కెళుతుంది, ఎందుకంటే పాల గాఢత ఎప్పుడూ రక్తంతో సమానంగా ఉండాలి. కాబట్టి ఎంత లాక్టోజ్ తయారైతే అన్ని పాలు. వాపు వచ్చినప్పుడు రెండు జరుగుతాయి. కణాలు లాక్టోజ్‌ను తక్కువగా తయారుచేస్తాయి. తయారైనదాంట్లో కొంత వదులైన సందుల్లోంచి వెనక్కి తల్లి రక్తంలోకి జారి మూత్రంలో పోతుంది. ఆ ఖాళీని ఉప్పు పూరిస్తుంది. ఉప్పు పెరగడమంటే ఆ పక్క పాల ఉత్పత్తి మందగించిందని చెప్పకనే చెప్పడం. బిడ్డ పాలు మానేసే రోజుల్లోనూ, రెండో పక్కకు అలవాటుపడి ఒక పక్క వదిలేసినప్పుడూ సరిగ్గా ఇదే జరుగుతుంది. అంటే వాపూ, పాలు ఇంకిపోవడమూ పాలలో ఒకే ముద్ర వేస్తాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

ఇంతకీ వాపు ఎందుకొస్తుంది? పాలు కదలక. దాదాపు ప్రతి దారీ చివరికి అక్కడికే చేరుతుంది. బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకుని పీలుస్తుంటే, నల్లటి భాగం నోట్లోకి వెళ్లకపోతే, పాలు సరిగ్గా రావు. రాత్రంతా పాలివ్వకపోయినా, బిగుతు బట్ట ఒత్తినా, మధ్యలో డబ్బాపాలు పట్టి బిడ్డ ఆకలి చంపేసినా అంతే. బుడగలు ఉబ్బుతాయి, గోడలు సాగుతాయి, సందులు వదులవుతాయి. పాలలోని పదార్థాలు చుట్టుపక్కల కండలోకి కారితే శరీరం వాటిని పరాయివిగా చూసి తిరగబడుతుంది. ఈ దశలో క్రిమి ఉండాల్సిన పని లేదు. 1984లో డెన్మార్క్‌లో థామ్సెన్ బృందం తల్లుల పాలలో తెల్లకణాలనూ బ్యాక్టీరియానూ లెక్కబెట్టి మూడు మెట్లు చూపింది. రెండూ తక్కువగా ఉంటే వట్టి పాలు నిలవడం. మిల్లీలీటరుకు పది లక్షలకు మించి తెల్లకణాలున్నా బ్యాక్టీరియా లేకపోతే క్రిమి లేని వాపు. రెండూ ఎక్కువగా ఉంటే అంటువాపు. మూడో మెట్టు దగ్గర ఎక్కువగా దొరికేది స్టాఫైలోకాకస్ ఆరియస్, చనుమొన పగుళ్లలోంచి దూరేది. అక్కడా పట్టించుకోకపోతే చీముగడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో వేసిన పుస్తకం ప్రకారం పాలిచ్చే తల్లుల్లో కనిపించే రొమ్మువాపు కొన్ని అధ్యయనాల్లో నూటికి ముప్పై మూడు దాకా ఉంది గానీ మామూలుగా పదికి లోపే. నొప్పి లేని రకం ఈ లెక్కలో లేదు.

జ్వరంతో వచ్చే వాపు సంగతి త్వరగా చెప్పేసుకుందాం, ఎందుకంటే దాన్ని ఎవరూ గుర్తించకుండా ఉండరు. ఆ పక్క పాలు తగ్గుతాయి, ఉప్పెక్కుతాయి. కొందరు పిల్లలు ఆ పక్క నోట పెట్టగానే తల తిప్పేసుకుంటారు. ఇంట్లో పెద్దావిడ ‘దిష్టి తగిలిందే, ఎడమ పక్క పట్టడం లేదు చూడు’ అంటుంది. దిష్టి తీయడం వల్ల నష్టమేం లేదు గానీ ఆ ఎడమ పక్కను ఒకసారి తడిమి చూడటం మంచిది. చాలామంది పిల్లలు రెండో పక్కతో సరిపెట్టుకుంటారు. నాలుగైదు రోజుల వాపు వల్ల బిడ్డ తూకానికి పెద్దగా ఏమీ కాదు. ఆ పాలు విషం కావు, పైగా వాపు వేళ పాలలో లాక్టోఫెర్రిన్ లాంటి రక్షక పదార్థాలు పెరుగుతాయి. బిడ్డకు అదాటుగా మాన్పించేస్తేనే పాలు నిలిచి గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది.

తల్లులను నిజంగా అయోమయంలో పడేసింది ఏమిటంటే, సలహాలే మారిపోయాయి. నిన్నమొన్నటి దాకా వేడి కాపడం పెట్టమనీ, గట్టిగా మర్దన చేసి గడ్డ కరిగించమనీ, యంత్రంతో ఆఖరి బొట్టు దాకా పిండేయమనీ చెప్పేవారు. మన మంత్రసానులూ వేడినీళ్ల గుడ్డతో అదే చేసేవారు. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ విడుదల చేసిన మార్గదర్శకం దాన్ని తిరగేసింది. అది గడ్డకట్టిన పాల ముద్ద కాదు, ఉబ్బిన కండ. దాన్ని పిసికితే ఇంకా దెబ్బతింటుంది. చల్లటి కాపడం, వాపు తగ్గే మాత్ర, బిడ్డ అడిగినప్పుడు మామూలుగా పాలివ్వడం, అంతకుమించి పిండకపోవడం. అదనంగా పిండితే రొమ్ముకు ‘ఇంకా తయారుచెయ్యి’ అని చెప్పినట్టే. ఒక రోజులో తగ్గకపోతే, జ్వరం ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అవసరమైతే యాంటీబయాటిక్ ఇస్తారు. మందు వాడినా ఎరుపూ గట్టితనమూ పోకపోతే అది వేరే జబ్బు కూడా కావచ్చు కనుక తప్పక చూపించుకోవాలి.

పాల తయారీని తగ్గించడం అనే ఆలోచన మన పాత ఇళ్లల్లో కొత్తదేం కాదు. దక్షిణాదిన పాలు ఇంకిపోవడానికి రొమ్ము చుట్టూ మల్లెపూల దండలు కట్టేవారు. బిడ్డ పోయిన తల్లికి అదే చేసేవారు. వేలూరు వైద్యులు 1988లో ఈ మల్లెపూలను బ్రోమోక్రిప్టిన్ అనే మందుతో పోల్చి పరీక్షించి, పూలు పాలను అణచగలవని ప్రచురించారు. ఆ పూలు చేసేది పాలు తగ్గించడమే కాబట్టి, పాలివ్వాలనుకునే తల్లికి అది వైద్యం కాదు.

ఇక దొంగవాపు. దీన్ని వెలుగులోకి లాగింది ఎయిడ్స్. 1999లో రిచర్డ్ సెంబా బృందం మలావీలో హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పాలలో సోడియం కొలిచింది. కాన్పయిన ఆరు వారాలకు దాదాపు ఆరుగురిలో ఒకరికి అది మోతాదు మించి ఉంది. వాళ్ల పాలలో వైరస్ ఎక్కువగా ఉంది, వాళ్ల బిడ్డలకు వైరస్ సోకడమూ ఎక్కువగా జరిగింది. సందులు విడితే ఉప్పుతోబాటు రక్తంలోని వైరస్ మోసే కణాలూ వస్తాయి మరి. అదే ఏడాది డర్బన్‌లో అన్నా కుట్సుడిస్ బృందం ఒక వింతను బయటపెట్టింది: అచ్చంగా తల్లిపాలే తాగిన పిల్లలకన్నా తల్లిపాలూ డబ్బాపాలూ కలిపి తాగిన పిల్లలకే వైరస్ ఎక్కువగా సోకింది. రెండూ కలిపితే పాలు సరిగ్గా ఖాళీ కావు, నిలుస్తాయి, సందులు వదులవుతాయి అన్నది దీనికి ఇచ్చే వివరణల్లో ఒకటి. ఇప్పుడు తల్లులకు మందులు అందుతున్నాయి కనుక ఆ భయం చాలావరకు తగ్గింది. కానీ ఆ పని వల్ల సోడియం కొలిచే అలవాటు మిగిలింది. ఒక్కసారి కొలవడం మొదలుపెట్టాక హెచ్‌ఐవీ లేని తల్లుల్లోనూ ఇది విరివిగా కనిపించింది. బంగ్లాదేశ్‌లో, టాంజానియాలో, జాంబియాలో, ఘనాలో.

తూకంతో దీని సంబంధాన్ని దగ్గరగా పరిశీలించిన చోట్లలో ఒకటి గ్వాటెమాలా పశ్చిమ కొండప్రాంతం. అక్కడ సాన్ హువాన్ ఒస్తుంకాల్కో చుట్టుపక్కల ఊళ్లలో మామ్ భాష మాట్లాడే మాయా జాతి తల్లులున్నారు. ఆ దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లే. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి క్రిస్టీన్ కోస్కీ, మెరిలిన్ స్కాట్, గ్వాటెమాలా వైపు నుంచి నోయెల్ సాలమన్స్ కలిసి అక్కడి పాలను పరీక్షించారు. నిష్పత్తి 0.6 దాటిన తల్లుల పాలలో సోడియమే కాదు, ఇతర ఖనిజాల పాళ్లూ మారాయి. వాపును నడిపించే సైటోకైన్లు అనే సంకేతపదార్థాలూ పెరిగాయి. 2019లో వచ్చిన వాళ్ల పత్రాలు ఈ మార్పులకూ పిల్లలు ఎదగడంలో వెనకబడటానికీ సంబంధం చూపించాయి. మురికి తల్లి నోటికి చేరే దారులు కూడా ఆ లెక్కలో తేలాయి. అక్కడ పుట్టిన బిడ్డకు ‘అగ్వీతాస్’ అనే ఆకుల కషాయపు నీళ్లు తాగించే అలవాటుంది. మన ఉగ్గుగిన్నెను తలచుకోకుండా ఉండలేం. ఆముదం, వస, తేనె, పంచదార నీళ్లు, ఏదైతేనేం, బిడ్డ కడుపులో ఆ కాస్త చోటు నిండితే ఆ పూట రొమ్ము ఖాళీ కాదు.

ఇంతవరకు చదివితే కథ తేలిగ్గా ఉంది: వాపు వచ్చింది, పాలు తగ్గాయి, బిడ్డ చిక్కాడు. నిజం అంత సాఫీగా లేదు. ఘనాలో ఆర్యీటీ బృందం 2008లో అక్కడి తల్లుల్లో దొంగవాపు విరివిగా ఉందని చెప్పింది. మరుసటి ఏడాది పిల్లలు నిజంగా తాగే పాలను కొలిచి చూస్తే, పాలు కుదురుకున్న దశలో వాపున్న తల్లుల పిల్లలు తక్కువగా తాగుతున్నారని తేలలేదు. పైగా బాణం అటునుంచి ఇటు కూడా పడవచ్చు. నెల తక్కువగానో బరువు తక్కువగానో పుట్టి, గట్టిగా పీల్చే ఓపిక లేని బిడ్డ రొమ్మును ఖాళీ చేయలేడు. పాలు నిలుస్తాయి, వాపు వస్తుంది. అప్పుడు వాపు వల్ల బిడ్డ చిక్కాడా, బిడ్డ చిక్కి ఉండటం వల్ల వాపు వచ్చిందా? ఇందాక అన్నాను కదా, వాపూ పాలు ఇంకిపోవడమూ ఒకే ముద్ర వేస్తాయని. ఉప్పెక్కిన పాలు రెంటికీ సాక్ష్యమే. ఇంకొక చిక్కుంది. 2013లో పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు బిడ్డకు జలుబో జ్వరమో వచ్చినా తల్లిపాలలో తెల్లకణాలు గబగబా పెరుగుతాయని చూపించారు. బిడ్డ జబ్బు తల్లి పాలలోకి, పాల మార్పు తిరిగి బిడ్డలోకి. నా ఉద్దేశంలో దీన్ని ఒక గొలుసుగా కాక ఒక చక్రంగా చూడటమే సరి. ఎక్కడ మొదలైనా సరే, తిరిగే కొద్దీ బిగుసుకుంటుంది.

చక్రమే అయితే ఎక్కడో ఒకచోట పట్టుకుంటే ఆగాలి. పరిశోధకులు రెండు చోట్ల ప్రయత్నించారు. ఒకటి తిండి. టాంజానియాలో తల్లులకు విటమిన్ ఇ ఉన్న పొద్దుతిరుగుడు నూనె ఇస్తే నిష్పత్తి తగ్గింది, ఎర్ర పామాయిల్‌తో అలా తగ్గలేదు. సరే, విటమిన్లు ఇస్తే పోతుందిలే అనుకునేలోపు, అదే దేశంలో హెచ్‌ఐవీ ఉన్న తల్లుల మీద చేసిన పెద్ద పరిశీలనలో విటమిన్ మాత్రలు ఈ వాపు ప్రమాదాన్ని పెంచాయని 2010లో తేలింది. ఎందుకో తేల్చడం కష్టం. పోషకం ఎక్కువైతే మంచిదే కదా అనే మన అందరి నమ్మకానికి ఇది గట్టి చురక. రెండోది పాలిచ్చే పద్ధతి. బంగ్లాదేశ్‌లో తల్లులకు పక్కన కూర్చుని బిడ్డను ఎలా పట్టుకోవాలో, ఎప్పుడు పట్టాలో సలహా చెప్పించారు. 2002లో వచ్చిన ఫలితాల్లో సలహా అందిన తల్లుల్లో దొంగవాపు తగ్గింది. మాత్ర లేదు, నూనె లేదు. ఒక మనిషి వచ్చి చూసి సరిదిద్దింది.

ఇది వింటే మన బాలింత గదిలో జరిగే తతంగం మీద నాకు కాస్త చిరాకు కలుగుతుంది. బిడ్డ ఏడుస్తున్నాడంటే ‘తల్లికి పాలు చాలడం లేదు’ అని తీర్పు. ఆ వెంటనే వెల్లుల్లి కారం, తెలగపిండి కూర, మెంతి గంజి, సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే పాలసొర పుట్టు. తల్లికి ఇవన్నీ మంచి తిండే, తప్పేం లేదు. కానీ లోపల గోడ వదులై, పాలు కదలక నిలిచి, కణాలు లాక్టోజ్ తయారీ తగ్గించిన రొమ్ముకు వెల్లుల్లి చెప్పేదేముంది? అక్కడ లోటు ముడిసరుకులో లేదు, పాలు బయటికి రావడంలో ఉంది. రెండో రోజుకల్లా డబ్బా తెస్తారు. డబ్బా తాగిన బిడ్డ ఇంకా తక్కువగా రొమ్ము పీలుస్తాడు. పాలు ఇంకా నిలుస్తాయి. పదిరోజులకు తల్లికి నిజంగానే పాలు చాలవు, తీర్పు ఇచ్చినవాళ్లు ‘చూశావా, ముందే చెప్పాను’ అంటారు.

మన రెండు రాష్ట్రాల్లో ఈ మొదటి రోజులు ఎలా గడుస్తున్నాయో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42. తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే. కోత కాన్పు తరవాత పాలు పడటం కొంత ఆలస్యమవడం మామూలే. సరిగ్గా అదే సమయంలో బిడ్డ పక్క వార్డులో, చేతిలో సీసా ఉంటే గోడ బిగియాల్సిన రోజులు వృథా అవుతాయి. అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33. ఆ గిడసబారుతనానికి కారణాలు చాలా ఉన్నాయి. తల్లి ఎత్తు, రక్తహీనత, కడుపు జబ్బులు, ఆరు నెలల తరవాతి తిండి. దొంగవాపు వాటా ఎంతని చెప్పడానికి ఆధారం లేదు, నేను చెప్పబోవడం లేదు.

ఉన్న సాధనాలతో చూడగలిగింది మాత్రం ఉంది. పుట్టిన మొదటి వారంలో బిడ్డ కొంత తూకం తగ్గడం సహజం, పది పద్నాలుగు రోజుల్లో పుట్టిన తూకానికి చేరాలి. ఆ తరవాత మొదటి మూడు నెలలు రోజుకు పాతిక ముప్పై గ్రాములు పెరగాలి. ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డను తూచే పథకం 2011 నుంచి ఉంది. ఆ తూకం గీత వంగినప్పుడు తల్లిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బిడ్డ ఒక పక్కే ఇష్టపడుతున్నాడా, రెండో పక్క మానేశాడా? ఒక రొమ్ము రెండోదానికన్నా గట్టిగా అనిపిస్తోందా? పాలు చేపుతున్నట్టు తెలుస్తోందా, బిడ్డ గుటకలు వినిపిస్తున్నాయా? రాత్రిపూట పాలిస్తున్నారా, ఏమైనా నీళ్లో తేనెనో పడుతున్నారా? చివరి ప్రశ్న అత్తగారు పక్కనుండగా అడిగితే జవాబు రాదు.

ఇప్పుడు ఇంకొక సాధనం వచ్చేస్తోంది. పొలాల్లో నేల ఉప్పును కొలవడానికి వాడే, అరచేతిలో ఇమిడే సోడియం మీటర్లను పరిశోధకులు తల్లిపాలకు వాడటం మొదలుపెట్టారు. రెండు మూడు చుక్కల పాలు చాలు, నిమిషంలో అంకె కనిపిస్తుంది. ఎడమ పక్క వేరుగా, కుడి పక్క వేరుగా చూడవచ్చు, తెడ్డులో నాలుగు గుంటల్లాగే. మొదటి వారంలో ఉప్పు దిగడం లేదంటే పాలు పడటానికి సాయం కావాలని ముందే తెలుస్తుంది. నాకు ఇందులో ఒకటే శంక. మీటరు మీద అంకె పెరిగితే ఆ తల్లి దగ్గరికి ముందుగా చేరేదెవరు? కూర్చోబెట్టి బిడ్డను సరిగ్గా పట్టించే నర్సా, ‘మీ పాలు పాడయ్యాయి’ అని డబ్బా చేతిలో పెట్టేవాడా? పసిపిల్లల పాలడబ్బాల ప్రచారాన్ని 1992 చట్టం నిషేధించింది గానీ, ఆసుపత్రి మెట్ల కింద మెడికల్ షాపు అరల్లో డబ్బాలు కనిపించకుండా పోలేదు. ఉప్పు అంకె చూపించే యంత్రాన్ని వార్డులో పెట్టేముందు, ఆ అంకె చూశాక బాలింత మంచం పక్కన అరగంట కూర్చోగల మనిషిని ఆ వార్డులోనే నియమించడం జరగాలి. యంత్రం వెల కన్నా ఆ మనిషి జీతమే ఎక్కువ, అందుకే ఎక్కువ చోట్ల యంత్రమే ముందు వస్తుందని నా అనుమానం.